ఎర్త్‌సీ మళ్లీ తెరకెక్కుతుందంటే భయపడాలా?

ప్రశ్న: నేను గుంటూరులో ఒక డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు అధ్యాపకురాలిని. చదువుకునే రోజుల్లో హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పూట పేవ్‌మెంటు మీద అమ్మే పాత పుస్తకాల్లో అమెరికన్ రచయిత్రి ఉర్సులా కె. లెగ్విన్ రాసిన ఫాంటసీ నవల ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ దొరికింది. ఆ నవలనూ, దాని తరువాతి భాగాలనూ ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ఈ కథను తెరకెక్కించిన రెండు ప్రయత్నాలూ చూసి ఎంతో బాధపడ్డాను. మళ్లీ తీస్తారన్న వార్త వచ్చిన ప్రతిసారీ ఒకపక్క ఆశ, మరోపక్క దిగులు. పుస్తకం ఎక్కడికీ పోదు కదా, సినిమా వస్తే నలుగురు కొత్తగా చదువుతారు కదా అని మా మరిది నవ్వుతాడు. నాది చిన్నపిల్లల మారామేనా? ఆశ పెట్టుకోవచ్చా? పదేళ్ల మా అమ్మాయికి ముందు పుస్తకం చదివించాలా, సినిమా చూపించినా ఫరవాలేదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మీది మారాం కాదు. అయితే మీ ఉత్తరంలో రెండు వేర్వేరు భయాలు కలగలిసి ఉన్నాయి. ఇష్టమైన ఘట్టాన్ని తీసేస్తారేమో, ఊహించుకున్న ముఖం తెరమీద కనిపించదేమో అన్నది ఒకటి. ఈ కథ ఏ నియమం మీద నిలబడిందో తీసేవాళ్లకు అసలు తెలియదేమో అన్నది రెండోది. వసారా తీసేసినా ఇల్లు నిలుస్తుంది గానీ దూలం తీస్తే నిలవదు. మొదటి భయాన్ని మీరు చాలావరకు వదులుకోవచ్చు. రెండో భయానికి మాత్రం గట్టి ఆధారాలే ఉన్నాయి.

సాంఘిక నవల రాసేవారు లోకంలో ఉన్న నియమాలనే వాడుకుంటారు. అప్పు చేసినవాడు తీర్చాలని, చలికి వణుకు పుడుతుందని పాఠకుడికి ఎవరూ చెప్పనక్కర లేదు. ఫాంటసీ రాసేవారు ఆ నియమాలను తామే ఏర్పరచి, వాటికి తామే కట్టుబడి ఉండాలి. 1968లో వచ్చిన మీ నవలలో ప్రతి వస్తువుకూ, ప్రతి ప్రాణికీ ఒక అసలు పేరు ఉంటుంది. అది తెలిసినవారికి దానిమీద అధికారం వస్తుంది. అందుకే మనిషి తన అసలు పేరును ప్రాణం అప్పగించగలిగినంత నమ్మకం ఉన్నవారికి తప్ప చెప్పడు. ఏ మంత్రం వేసినా లోకపు సమతుల్యం ఎక్కడో ఒకచోట కదులుతుంది. రోక్ ద్వీపంలోని మాంత్రికుల పాఠశాలలో గర్వం కొద్దీ తాను లోకంలోకి వదిలిన నీడనుంచి కథానాయకుడు గెడ్ మొదట పారిపోతాడు, తరువాత దాన్నే వెంటాడతాడు, చివరికి సముద్రపు కొసన దానికి ఎదురు నిలిచి తన పేరుతోనే దాన్ని పిలుస్తాడు. బయట శత్రువు లేడు, కత్తి దూసిన విజయమూ లేదు. ఈ కథలోంచి డ్రాగన్లను తీసేసినా కథ మిగులుతుంది. ఆ ఒక్క పిలుపును తీసేస్తే మిగిలేది పడవ ప్రయాణమే.

2004లో అమెరికాలోని సైఫై చానల్ మొదటి రెండు నవలలను కలిపి ప్రసారం చేసిన ధారావాహికలో జరిగింది సరిగ్గా అదే. నవలలో లోకులు గెడ్‌ను స్పారోహాక్ అని పిలుస్తారు. గెడ్ అన్నది రహస్యంగా దాచుకోవలసిన అసలు పేరు. ధారావాహికలో ఆ రెండూ తారుమారయ్యాయి. పుస్తకం చదవని ప్రేక్షకుడికి ఇందులో ఏ లోపమూ కనిపించదు, దర్శకుడికీ కనిపించి ఉండదు. అయినా పేర్ల మీద నిలిచిన కథలో పేర్లే అటూ ఇటూ అయ్యాయంటే, పుస్తకాన్ని ఎవరో చదివి చెప్పిన సారాంశంతో పని కానిచ్చారేమోనన్న అనుమానం వస్తుంది. దానికి తోడు మరణాన్ని జయించాలని దండెత్తే ఒక దుష్టరాజును కథలోకి తెచ్చారు. లోపలి శత్రువుతో కథ నడపడం చేతకానప్పుడు బయటినుంచి ఒకణ్ని తెచ్చిపెట్టడం చాలా పాత అలవాటు.

రంగు సంగతి మీరు ఉత్తరంలో ప్రస్తావించలేదు గానీ, దాన్ని వదిలేయలేను. నవలలో గెడ్ ఎర్రని గోధుమ రంగువాడు, అతని మిత్రుడు వెచ్ అంతకంటే నల్లనివాడు, తెల్లనివారంటే దండెత్తి వచ్చే కార్గులు. పాశ్చాత్య ఫాంటసీలో వీరులంతా తెల్లగానే ఎందుకుండాలన్న ఆలోచనతో లెగ్విన్ ఆనాడే తెలిసి చేసిన పని ఇది. ధారావాహికలో గెడ్ పాత్రను తెల్లజాతి నటుడికి ఇచ్చారు. ఆ ఏడాది డిసెంబరులోనే ఆమె దీన్ని తప్పుపడుతూ బహిరంగంగా వ్యాసం రాశారు. మన ఇంటి పిల్లల రంగులో ఉన్న మాంత్రికుణ్ని ఇంగ్లీషు పుస్తకంలో చూసి సంతోషించిన తెలుగు పాఠకులకు ఆ కోపం వెంటనే అర్థమవుతుంది. ఆ విషయంలో మన తెలుగు తెర మరొకరిని వేలెత్తి చూపే స్థితిలో లేదనుకోండి.

ఇదంతా రచయిత్రి బతికి ఉండగానే ఎలా జరిగిందన్నది మీవంటి అభిమానులు ముఖ్యంగా తెలుసుకోవలసిన విషయం. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చిత్రాల రచనలో పాలుపంచుకున్న ఫిలిప్పా బోయెన్స్ దీనికి స్క్రిప్టు రాస్తారని నిర్మాతలు చెప్పినందువల్లే లెగ్విన్ హక్కులు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. చానల్ పెట్టుబడి కుదిరేనాటికి బోయెన్స్ అందులో లేరు, హక్కులు మాత్రం నిర్మాతల చేతుల్లోనే ఉన్నాయి. ఒప్పందం ప్రకారం లెగ్విన్ సలహాదారు; సలహా వినాలన్న నిబంధన ఏదీ లేదు. కాబట్టి మూల రచయితను సంప్రదిస్తున్నామని, వారి ఆశీస్సులు ఉన్నాయని ప్రకటనలో చదివినప్పుడు దానికి మర్యాద మాటకు మించిన విలువ ఇవ్వకండి. స్క్రిప్టు ఎవరు రాస్తున్నారో, ఆ మనిషి పని మొదలయ్యేనాటికి ఇంకా అక్కడే ఉన్నారో లేదో చూడండి.

రెండో ప్రయత్నం మరో రకంగా బాధపెట్టేది, ఎందుకంటే అందులో వ్యాపార బుద్ధిని తప్పుపట్టి ఊరుకోవడానికి వీలు లేదు. జపాన్ యానిమేషన్ దర్శకుడు హయావో మియజాకి 1980లలోనే ఈ పుస్తకాల మీద ఇష్టంతో అనుమతి అడిగారు. అప్పటికి ఆయన పని ఏమిటో లెగ్విన్‌కు తెలియదు. యానిమేషన్ అంటే డిస్నీ తరహాదే అనుకుని, అది తనకు నచ్చదు గనుక కాదన్నారు. చాలా ఏళ్ల తరువాత ‘మై నైబర్ టొటొరో’ చూసి ఆయనకు అభిమానిగా మారి, ఆయన తీస్తే సంతోషమే అనుకున్నారు. తీరా చూస్తే 2006లో జిబ్లీ స్టూడియో నుంచి వచ్చిన చిత్రానికి దర్శకుడు ఆయన కుమారుడు గోరో. గోరోకు అదే మొదటి సినిమా. మూడో, నాలుగో నవలల్లోని ముక్కలను కలిపిన ఆ కథలో యువరాజు ఆరెన్ మొదట్లోనే తండ్రిని పొడిచి చంపుతాడు. ఎందుకు చంపాడో కథ సరిగా చెప్పదు. చెడు అంతా ఒక మాంత్రికుడిలో కుప్పపోసినట్టు ఉంటుంది, అతను చావగానే సమస్యలన్నీ తీరిపోతాయి. సినిమా ఎలా ఉందని గోరో అడిగినప్పుడు, అది నా పుస్తకం కాదు, మీ సినిమా, మంచి సినిమా అన్న అర్థంలో లెగ్విన్ మర్యాదగా జవాబిచ్చారు. తరువాత వివరంగా రాసిన స్పందనలో బొమ్మల అందాన్ని మెచ్చుకుంటూనే, చెడును ఒక ప్రతినాయకుడి మీదికి నెట్టి చంపేయడంతో తన కథల అర్థమే పోయిందన్నారు. పుస్తకాన్ని ప్రేమించేవాళ్లు తీస్తే చాలన్న అభిమానుల ఆశ ఎక్కడ దెబ్బతింటుందో ఈ చిత్రం చూస్తే తెలుస్తుంది.

ఇక మొదటి భయాన్ని వదులుకోవచ్చని ఎందుకన్నానో చెబుతాను. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ నవల రాసిన టోల్కీన్ అభిమానులకు కూడా, దాన్ని తెరకెక్కించిన పీటర్ జాక్సన్ చిత్రాలు రాకముందు మీకున్న దిగులే ఉండేది. 1978లో రాల్ఫ్ బక్షి తీసిన యానిమేషన్ చిత్రం కథ సగంలో ఆగిపోయింది, మిగతా సగం ఆయన చేతుల మీదుగా రానే లేదు. అంతకు ముందు 1950ల చివర్లో ఒక సినిమా ప్రతిపాదన టోల్కీన్ చేతికి వచ్చింది. ఎల్ఫులనే చిరంజీవులు దారిబత్తెంగా ఇచ్చే లెంబాస్ రొట్టెను అందులో ఏదో ప్రయోగశాలలో తయారైన సాంద్ర ఆహారం లాగా వర్ణించారు. నడిచి వెళ్లవలసిన చోటల్లా గద్దలను దించారు. ఆయన ఓపికగా దోషాలన్నీ ఎత్తిచూపుతూ, చెడ్డ సినిమాలు తరచు విఫలమయ్యేది అతిశయోక్తి వల్లా, మూలకథ గుండె ఎక్కడుందో తెలియక అక్కరలేని విషయాలు చొప్పించడం వల్లా అన్నారు. కత్తిరింపును ఆయన అంత పెద్ద తప్పుగా చూడలేదన్నది గమనించండి. ఆయన కోపం ఎక్కువగా చేర్పుల మీదే.

2001 నుంచి మూడేళ్లపాటు వరసగా వచ్చిన జాక్సన్ చిత్రాల్లో నవలలోని టామ్ బాంబడిల్ అనే పాత్ర లేదు. చివర్లో హాబిట్లనే పొట్టి మనుషులు ఇంటికి తిరిగి వచ్చి తమ ఊరిని దుర్మార్గుల చేతుల్లోంచి విడిపించుకునే ఘట్టమూ లేదు. రెండోది పోవడం నాకు ఇప్పటికీ లోటే. అయినా కథ నిలబడింది, ఎందుకంటే అసలు నియమాన్ని ముట్టుకోలేదు. కొండ నోటి దగ్గర, అగ్ని అంచున నిలబడిన కథానాయకుడు ఫ్రోడో, మనుషుల మనసును చెరిచే ఉంగరాన్ని నాశనం చేయడానికే వచ్చి కూడా పారవేయలేకపోతాడు. అంతకు ముందు చూపిన దయ వల్ల బతికి ఉన్న, ఆ ఉంగరం కోసమే వెంటపడిన గొల్లమ్ కారణంగానే అది నాశనమవుతుంది. సినిమాలో అక్కడ ఒక పెనుగులాట చేర్చారు గానీ, కథానాయకుడు చివరి క్షణంలో ఓడిపోయాడన్న మాటను మార్చలేదు. అన్ని కోట్లు ఖర్చుపెట్టి తీసిన సినిమాలో నాయకుణ్ని ఓడిపోనివ్వడం చిన్న సంగతి కాదు.

తప్పులు లేవని కాదు. ఉంగరం దారిలో పడి ఉన్నా తీసుకోనని నవలలో చెప్పే ఫరమీర్ అనే వీరుడు, సినిమాలో ఫ్రోడోను బంధించి తన వెంట నగరానికి తీసుకుపోతాడు. ఒకడు అంత తేలికగా కాదనగలిగితే ఉంగరం శక్తిని ప్రేక్షకుడు నమ్మడని రచయితలు సమర్థించుకున్నారు. ఆ వాదనలో బలం ఉంది గానీ నేను ఒప్పుకోను. దురాశ ఎక్కడ పుడుతుందో ముందే ఎరిగినవాడు ఒకడు ఉన్నందువల్లే మిగతావారి పతనం మనకు కొలతకు దొరుకుతుంది. ఇవన్నీ పుస్తకాన్ని అనేకసార్లు చదివినవాళ్ల తగాదాలు. 2004లో మూడో చిత్రానికి 11 ఆస్కార్లు ఇచ్చినవారికి ఈ గొడవతో పనిలేదు.

ఊహించుకున్న రూపం చెదిరిపోతుందన్న దిగులుకు ఆ బృందం చూపిన పరిష్కారం మీరు గుర్తు పెట్టుకోదగ్గది. టోల్కీన్ పుస్తకాలకు ఏళ్ల తరబడి బొమ్మలు వేసిన అలన్ లీ, జాన్ హౌలనే న్యూజీలండ్‌కు రప్పించి కోటలూ లోయలూ వారి చేత గీయించుకున్నారు. పాఠకుల కళ్లలో అప్పటికే ఉన్న లోకమే తెరమీదికి వచ్చింది. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు చదువుతూ పెరిగిన తెలుగువారికి ఈ మాట విడమరిచి చెప్పనక్కర లేదు. ఆ కథల్లో దేన్నయినా రేపు ఎవరైనా తెరకెక్కిస్తే, చిత్రా గీసిన మాంత్రికుల పోలిక లేని మాంత్రికుణ్ని ఆ తరం ఒప్పుకోదు. ఎర్త్‌సీకి అంతగా అందరి మనసుల్లో స్థిరపడిన ఒకే చిత్రకారుడి లోకం లేదు కనుక, ముఖాల విషయంలో మీరు కొంచెం పట్టు సడలించక తప్పదు. రంగు విషయంలో మాత్రం సడలించకండి.

నియమం తలకిందులైతే ఏమవుతుందో ఇంకొక్క ఉదాహరణతో చెప్పి ముందుకు వెళతాను. జర్మన్ రచయిత మిఖాయేల్ ఎండె ‘ది నెవర్‌ఎండింగ్ స్టోరీ’ రెండో సగంలో, కథలోకి వెళ్లిన బాలుడు కోరిక కోరిన ప్రతిసారీ తన జ్ఞాపకాల్లో ఒకదాన్ని పోగొట్టుకుంటాడు. 1984లో వచ్చిన చిత్రం మొదటి సగంతోనే ముగిసింది. చివర్లో ఆ బాలుడు డ్రాగన్ మీదెక్కి, తనను వేధించిన పిల్లలను తరుముతూ ఆనందిస్తాడు. కోరికకు చెల్లించవలసిన మూల్యం గురించి రాసిన పుస్తకం, కోరికలు ఉచితమని చెప్పే సినిమా అయింది. ఎండె తన పేరు తీసేయమన్నారు, కోర్టుకెక్కారు, ఓడిపోయారు. సినిమా మాత్రం బాగా ఆడింది, దాన్ని ఇష్టపడి పెరిగినవాళ్లూ ఎందరో ఉన్నారు. వాళ్లను తప్పుపట్టలేం.

ఆశ పెట్టుకోవచ్చా అన్న ప్రశ్నకు నేరుగా చెబుతున్నాను: ప్రకటన మీద పెట్టుకోకండి. హక్కులు కొని ఏళ్ల తరబడి అట్టిపెట్టుకోవడం సినిమా రంగంలో మామూలు. లెగ్విన్ స్వయంగా బ్రిటిష్ దర్శకుడు మైకేల్ పావెల్‌తో కలిసి 1980లలో ఎర్త్‌సీకి స్క్రిప్టు రాశారు. అది తెరకెక్కనే లేదు. 2019లో అమెరికా చిత్ర నిర్మాణ సంస్థ ఎ24 దీన్ని ధారావాహికగా తీసే పనిలో పాలుపంచుకుంటోందన్న వార్త వచ్చింది. మీరు చెప్పే వార్తల్లో అదీ ఒకటి కావచ్చు. ఏ వార్త వచ్చినా చిత్రీకరణ మొదలయ్యేదాకా సంతోషాన్నీ దిగులునూ రెండింటినీ పక్కన పెట్టండి. మొదలైన తరువాత ముందుగా చూడవలసింది ఒక సినిమాలోకి ఎన్ని నవలలు కుక్కుతున్నారన్నది. పైన చెప్పిన రెండు విఫలయత్నాలూ రెండేసి నవలలను కలిపినవే. ఎర్త్‌సీ నవలలు చిన్నవి కనుక కలిపేయవచ్చని అనిపిస్తుంది గానీ, ఒక్కొక్కదానికీ వేరు వేరు ముగింపు ఉంది, ఒకదాని ముగింపు మరొకదానికి అతకదు. జాక్సన్ మొదట రెండు సినిమాలు అనుకుంటే, అప్పటి నిర్మాణ సంస్థ ఒక్కదానిలోనే ముగించమని ఒత్తిడి చేసింది. న్యూలైన్ సంస్థ మూడు తీయమన్నందువల్లే అంత పెద్ద కథకు తొమ్మిది గంటలకు పైగా చోటు దొరికింది. తీసేవారు తమ మొదటి సంభాషణల్లో దేని గురించి ఉత్సాహంగా మాట్లాడుతున్నారో కూడా వినండి. డ్రాగన్ల గురించీ యుద్ధాల గురించీ మాత్రమే చెబుతూ, పేర్ల మాట, నీడ మాట ఒక్కసారైనా ఎత్తకపోతే, మీ రెండో భయం మేలుకోవలసిన సమయం వచ్చినట్టే.

మీ మరిదిగారి మాట సగం నిజం. సినిమా చూసి పుస్తకం పట్టుకున్నవారు లక్షల్లో ఉన్నారు. పుస్తకంలోని ఒక్క అక్షరమూ మారదు. కానీ పుస్తకానికి నష్టమేమీ లేదన్నంత మాత్రాన సినిమాకు నష్టం లేదనలేం. సైఫై చానల్ చేతిలో ఉన్న హక్కుల కారణంగా జిబ్లీ చిత్రం 2010 దాకా అమెరికా థియేటర్లలో విడుదల కాలేకపోయింది. ఒక చెడ్డ అనుసరణ వచ్చిందంటే, మరొకరు అదే కథను తీసే దారి ఏళ్ల తరబడి మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఈసారి ఆయన నవ్వినప్పుడు ఇది చెప్పి చూడండి.

అభిమానుల అభ్యంతరాలకు విలువే ఉండదనుకోకండి. జాక్సన్ రెండో చిత్రంలో ఆర్వెన్ అనే ఎల్ఫ్ స్త్రీని హెల్మ్స్ డీప్ కోట యుద్ధంలో కత్తి పట్టించి కొంత చిత్రీకరించారు కూడా. ఆ సంగతి బయటికి పొక్కినప్పుడు పుస్తకాభిమానులు గట్టిగానే అభ్యంతరం చెప్పారు, చివరికి ఆ భాగం సినిమాలో చేరలేదు. కేవలం వారి మాట వల్లనే తీసేశారని చెప్పలేం. తీస్తున్నవారికి కూడా అది ఆ పాత్రకు నప్పలేదనిపించింది. అయినా ‘మా పుస్తకాన్ని పాడు చేస్తున్నారు’ అన్న కేకకంటే, ‘ఈ పాత్ర ఈ పని ఎందుకు చేయదో ఇదీ కారణం’ అన్న మాటకే తీసేవారు చెవి ఒగ్గుతారు. చెప్పదలచుకున్నది స్క్రిప్టు దశలో చెప్పండి. విడుదలయ్యాక నటులను తిట్టడం వల్ల, సినిమా చూసి పుస్తకం అడిగే కొత్తవారిని చిన్నచూపు చూడడం వల్ల మీ పుస్తకానికి ఏ మేలూ జరగదు.

మీ అమ్మాయి విషయానికి వస్తే, నా ఓటు పుస్తకానికే. సినిమా చూడడం పాపమని కాదు. ముఖమూ, గొంతూ, సముద్రమూ ముందు తన ఊహలోనే పుట్టడం ఒక్కసారికే దక్కే సంతోషం. సినిమాను ఆ తరువాత ఎన్నిసార్లయినా చూడవచ్చు. మొదటి నవల రెండు వందల పుటలకు అటూ ఇటూగా ఉంటుంది, కానీ లెగ్విన్ వాక్యం పదేళ్ల పిల్లకు ఒంటరిగా కొరుకుడు పడదు. రాత్రిపూట ఇంగ్లీషులో మీరు చదువుతూ, అవసరమైన చోట తెలుగులో చెబుతూ పోండి. మొదటి అధ్యాయంలో మేకలను పిలిచే మాట నేర్చుకుని వాటిని వదిలించుకోలేక తంటాలు పడే పిల్లవాడు, మంత్రాలు నేర్పే తల్లి తోడబుట్టినది, దండెత్తి వచ్చిన కార్గులను పొగమంచుతో దారి తప్పించడం, ఇవి ఆ వయసు పిల్లలను ఇట్టే పట్టేస్తాయి. నీడ బయటపడే అధ్యాయం దగ్గర పగటిపూట చదవడం మంచిది. రెండో నవల ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’ టెనార్ అనే అమ్మాయి కథే అయినా, భూగర్భపు చీకటి దారుల్లో నడుస్తుంది. ఒకటి రెండేళ్లు ఆగి ఇవ్వండి. జిబ్లీ చిత్రాన్ని కొడుకు తండ్రిని పొడిచే దృశ్యం కోసమైనా ఇంకొంత ఆపండి. 2004 ధారావాహికను చూపించవలసిన అవసరం నాకైతే కనిపించడం లేదు.